ఎర్రకోత నాటి తొలిపండు

శ్వేతాద్రి శిఖరాల మీద తొలికిరణాలు సోకగానే ఆ కొండవాలు మొత్తం నిప్పంటుకున్నట్టు ఎర్రబారింది. పంటబరువుకి కొమ్మలు నేలకి వంచి, వేలకొద్దీ ఆపిల్ చెట్లు మెట్లుమెట్లుగా లోయదాకా దిగి ఉన్నాయి. మంచు కరిగిన నీళ్ళు రాతికాలవల్లో గలగలమంటున్నాయి. ప్రతి చెట్టు మొదలుకీ పసుపు పూసి ఎర్రనూలు చుట్టారు. గాలి వీచినప్పుడల్లా తేనె కాచినట్టు కమ్మటి వాసన లోయంతా పరుచుకుంటోంది. దేవతలు దిగివచ్చి విహరించదగిన ఆ వనంలో, పదిహేను మెట్ల నిచ్చెన చిట్టచివర, రత్నపాలి రాజ్యపు యువరాజు, శత్రుభయంకరుడు, ఖడ్గవిద్యావిశారదుడు అయిన సమరకేసరి ఒక కొమ్మని రెండు చేతులా కావిలించుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని వేలాడుతున్నాడు.

ఆ సమరకేసరిని నేనే.

బిరుదులన్నీ మా నాన్నగారు నా బారసాలనాడే ఇచ్చేశారు. ఆ తరవాత వాటికి తగ్గ పని ఏదైనా చెయ్యాలని నాకు తోచలేదు.

"ఓ కొత్తాయనా!" కింద నుంచి ఒక ఆడగొంతు వినిపించింది. "పండు కోస్తున్నావా, చెట్టుని పెళ్ళాడుతున్నావా?"

ఆ పిల్ల పేరు కెంపి. ఆ తోటలకి పెద్ద అయిన మల్లసాని అవ్వ మనవరాలు. ఇరవయ్యేళ్ళుంటాయి. నడుముకి కొడవలి, చేతిలో రెండు నిలువుల పొడవు దోటి. ఆ దోటి కొక్కేనికి అందని పండు ఆ కొండ మీద లేదంటారు.

"కోస్తున్నాను! ఇది రావడంలేదు!" అన్నాను కళ్ళు తెరవకుండానే.

"లాగితే ఎందుకొస్తుంది? అరచేతిలో పెట్టుకుని పైకెత్తి, మెల్లిగా తిప్పు. పండితే అదే వచ్చేస్తుంది. రాలేదంటే ఇంకా పచ్చిదని అర్థం. ముందు ఆ ఉంగరాలు తియ్యి, పండు గీసుకుపోతుంది. కూలివాడికి నాలుగు వజ్రపుటుంగరాలేమిటయ్యా?"

నా మారువేషం గురించి చెప్పాలి. ఒంటికి మట్టి రాసుకున్నాను. చింకిపంచె కట్టాను. గుర్రపుతోక వెంట్రుకలతో గడ్డం చేయించుకున్నాను. రెండు రోజులు అద్దం ముందు కూలివాడిలా నడవడం సాధన చేశాను. ఉంగరాలు మాత్రం మరిచిపోయాను. చేతికేసి చూసుకుందామని కళ్ళు తెరిచాను, చేతికి బదులు నేల కనిపించింది. అంతే, పట్టు తప్పింది. నేను కింద గడ్డిబుట్టల్లో పడ్డాను. గడ్డం మాత్రం పైన కొమ్మకే ఉండిపోయింది.

కెంపి ఒకసారి పైకి చూసింది, ఒకసారి నన్ను చూసింది. "ఈ చెట్టుకి వెంట్రుకలు కాయడం ఇదే మొదటిసారి," అంది. దోటితో గడ్డం దింపి నా చేతికిచ్చి, "ఎవరివి నువ్వు?" అని అడిగింది.

అబద్ధం చెప్పడానికి కూడా ఊపిరి లేదు. నిజమే చెప్పాను.

మా అక్క హేమలేఖ కట్టెగా మారిపోతోంది. ధూమజటుడనే మాంత్రికుడు ఆమెని పెళ్ళాడమని అడిగాడు, ఆమె కాదంది. ఆ రోజు నుంచి ఆమె పాదాలు మొదలుకొని అంగుళం అంగుళంగా కట్టె పైకి పాకుతోంది. నేను బయల్దేరేనాటికి నడుము దాటింది. పున్నమినాటికి గొంతు చేరుతుందని, శ్వేతాద్రిలో ఎర్రకోత పండుగనాడు అన్నిటికన్నా పాత చెట్టున కోసే తొలిపండు రసం తాగిస్తేనే ఆ మంత్రం విరుగుతుందని మా కులగురువు చెప్పాడు. పున్నమికి ఇంకా మూడు రోజులుంది. పండుగ ఈ రోజే.

"మరి దండుతో రావచ్చుగా? ఈ వేషమెందుకు?" అంది కెంపి.

"దండు వస్తే ధూమజటుడికి తెలిసిపోతుంది. ఆ పండు అతని మంత్రాలన్నిటికీ విరుగుడు. ముందే వచ్చి నాశనం చేస్తాడు."

కెంపి దోటిని నేలకి ఆనించి, "తొలిపండు రాజులకీ ఇవ్వం, దేవుడికీ పెట్టం," అంది. "బుట్ట మీద కూచుని గెలుచుకోవాలి. నీ వాలకం చూస్తే గెలుస్తావనే అనిపిస్తోంది."

అది మెప్పుకోలని అప్పుడు పొంగిపోయాను.

మధ్యాహ్నానికి కొండమీది ఊళ్ళన్నీ ఆ తోటకి తరలివచ్చాయి. ఆడవాళ్ళు ఎండబెట్టిన ఆపిల్ చెక్కల్ని దండలు గుచ్చి మెడల్లో వేసుకున్నారు. ముసలివాళ్ళు రాతిగానుగ చుట్టూ చేరి రసం పిండుతుంటే దాని నురుగు పొంగి రాళ్ళ మీద పారుతోంది. రాలిపడిన పళ్ళు గుర్రాలకి, చిటారుకొమ్మల పళ్ళు పక్షులకి వదిలేశారు. అన్నిటికన్నా పాతదైన అవ్వచెట్టు కింద ఒక వెదురుబుట్ట బోర్లించి ఉంది. దాని పక్కన మల్లసాని అవ్వ చేతికర్ర పట్టుకుని నిలబడింది. ఎండిన ఆపిల్ పండంత ముడతలు పడ్డ మొహం, సూదుల్లాంటి కళ్ళు.

"విన్నారుగా అందరూ," అంది అవ్వ. "గర్వం ఉన్న చేత్తో కోసిన పండు నిలవుండదు, కుళ్ళిపోద్ది. అందుకని ఈ బుట్ట మీద కూచుని ఎవరి మూర్ఖత్వం వాళ్ళు చెప్పుకోండి. పక్కవాళ్ళది కాదు, మీది. ఎక్కువ నవ్వించినవాళ్ళకి తొలిపండు. అబద్ధమాడితే మాత్రం లేచిపోండి."

మొదట ఒక బక్కరైతు కూచున్నాడు. "ఏడాది పొడుగునా రోజూ పొద్దున్నే లేచి చెట్టుకి నీళ్ళు మోశాను. చివరికి చూస్తే అది మా తోడల్లుడి చెట్టు. నా చెట్టు ఎండిపోతే వాడు దిష్టి పెట్టాడని వాడితోనే దెబ్బలాటకి పోయాను," అన్నాడు. జనం పొట్టలు పట్టుకున్నారు. వాళ్ళలో అందరికన్నా ఎక్కువ నవ్వింది ఆ తోడల్లుడే.

తరవాత ఒక పట్టువర్తకుడు వచ్చాడు. పెద్ద తలపాగా, చెవులకి ముత్యాలు. ఊరికి కొత్త. బుట్ట మీద దర్జాగా కూచుని, "నా మూర్ఖత్వమల్లా ఒక్కటే," అన్నాడు. "నేను మరీ తెలివైనవాణ్ణి. అంత తెలివి లేని లోకం నన్ను అర్థం చేసుకుంటుందని ఆశపడ్డాను."

ఒక్కరూ నవ్వలేదు. వెనకనెక్కడో ఒక గుర్రం మాత్రం చీదింది.

"ఇంకేమైనా ఉందా నాయనా?" అని అడిగింది అవ్వ. "కాలికి తట్టుకుని పడ్డదో, కూర మాడ్చిందో?"

"నేను పడను," అన్నాడతను. లేచి పక్కకి పోయి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

నా వంతు వచ్చింది. బుట్ట మీద కూచోగానే అది కిర్రుమంది. అంతమంది జనాన్ని చూడగానే నాలో యువరాజు నిద్రలేచాడు. గొంతు సవరించుకుని మొదలుపెట్టాను. "ఒకనాడు నేను ఒంటిచేత్తో పులిని..."

"లే!" అంది కెంపి ముందువరసలోంచి. "పొద్దున్న చెట్టుమీంచి పడినవాడివి, పులా?"

జనం గొల్లుమన్నారు. నా చెవులు వేడెక్కాయి. లేచిపోదామనుకున్నాను. కానీ కూచున్నచోటు నుంచి అవ్వచెట్టు కొమ్మన ఆ తొలిపండు కనిపిస్తోంది. రెండు గుప్పిళ్ళంత, ముదురెరుపు. అక్క నడుము, నేను బయల్దేరేనాటికి దాని మీదికి పాకిన కట్టె గుర్తొచ్చాయి.

"పులి అబద్ధం," అన్నాను. "మీసం నిజం."

అప్పుడు చెప్పాను. మూడు నెలల కిందట మా నగరానికి ఒక సాముద్రికుడు వచ్చాడు. కొంగలా మెడ చాచి, కాళ్ళు ఎత్తెత్తి వేస్తూ నడిచేవాడు. ఆ నడక లేచి చేసి చూపించాను. నా మీసం చూసి స్తంభించిపోయి, "ఇటువంటి మీసం వెయ్యేళ్ళకొకటి పుడుతుంది. ఇది ఉన్నవాడు భూమండలం ఏలతాడు," అన్నాడు. నిజానికి నా మీసంలో కుడివైపు పదకొండు, ఎడమవైపు తొమ్మిది వెంట్రుకలు. అయినా నమ్మాను. ఆయన రోజూ ఆ మీసానికి పూజ చెయ్యాలన్నాడు. సింహాసనం మీద కూచుని నలభై రోజులు మీసానికి హారతి ఇప్పించుకున్నాను. ఒకరోజు కర్పూరం కాస్త దగ్గరగా వచ్చి ఎడమవైపు తొమ్మిదీ కాలిపోయాయి. "శుభం! ఇక శత్రువులు సగమే!" అన్నాడాయన. సంతోషించి ఆయనకి అంతఃపురంలో విడిది ఇచ్చాను.

జనం నేలమీద దొర్లుతున్నారు. బక్కరైతు ఊపిరాడక తోడల్లుడి భుజం కరిచిపట్టుకున్నాడు. అవ్వ కూడా కర్ర వదిలేసి కళ్ళు తుడుచుకుంటోంది.

"ఆ సాముద్రికుడే ధూమజటుడు," అన్నాను. "ఆ విడిదిలోంచే మా అక్కని చూశాడు. వద్దు తమ్ముడూ, వాడి చూపు బాగాలేదని ఆమె నాతో రెండుసార్లు చెప్పింది. నా మీసం గొప్ప నీకు తెలీదులే అన్నాను. ఇప్పుడామె నడుం దాకా కట్టె. బయల్దేరేటప్పుడు కాళ్ళకి దణ్ణం పెట్టబోతే కాళ్ళు చల్లగా తగిలాయి. 'మీసం పెరుగుతోందిరా,' అని నవ్వింది."

నవ్వులు ఆగిపోయాయి. పోయింది, అనుకున్నాను. నవ్వించమంటే ఏడిపించాను. ఏ పనీ చివరిదాకా సరిగ్గా చెయ్యలేను కదా!

అవ్వ దగ్గరికొచ్చి నా మొహంలోకి చూసింది. "నవ్వించి దిగిపోయేవాళ్ళు ఏటా వస్తారబ్బాయ్. నవ్వాక మిగిలింది కూడా చెప్పినోణ్ణి ఇదే చూట్టం," అంది. జనంవైపు తిరిగి, "ఏమంటారు?" అని అడిగింది.

"ఇచ్చెయ్యండవ్వా!" అని మొదట అరిచింది బక్కరైతే.

అవ్వ చెయ్యెత్తి ఆ పండుని అరచేతిలోకి తీసుకుని, పైకెత్తి, మెల్లిగా తిప్పింది. అది తనంత తానే వచ్చింది. నా దోసిట్లో పెట్టింది. బరువుగా, ఎండకి వెచ్చగా ఉంది.

సరిగ్గా అప్పుడే ఎవరో, "అయ్యో, ఆ సెట్టిగారి తలపాగా అంటుకుంది!" అని కేకేశారు.

పట్టువర్తకుడి తలపాగాలోంచి నల్లటి పొగ సుళ్ళు తిరుగుతోంది. నేను కొంగనడక నడిచి చూపించినప్పటి నుంచీ అతను కోపం దిగమింగుతున్నట్టున్నాడు. ఇక ఆగలేదు. తలపాగా భగ్గుమని విడిపోయి, లోపల్నుంచి పొగలు కక్కే జడలు బయటపడ్డాయి. ధూమజటుడు!

"నా నడకని వెక్కిరిస్తావురా కుక్కా!" అని గర్జించి గిరగిరా తిరిగాడు. ఆ తిరగడంలోనే చేతులు రెక్కలయ్యాయి, ముక్కు వంకర తిరిగింది. ఏనుగుపిల్లని ఎత్తుకుపోయేంత డేగ ఒకటి బుట్టల్ని ఎగరగొడుతూ నా మీదికి దూకింది.

వీరుడెవరైనా అప్పుడు కత్తి దూస్తాడు. నా కత్తి నాకిచ్చిన కూలివాళ్ళ గుడిసెలో పరుపు కింద ఉంది. డేగగోళ్ళు నా చేతుల్లోని పండుకేసి వస్తుంటే ఏం చెయ్యాలో తోచక దాన్ని నోట్లో కరుచుకుని, ఖాళీ అయిన రెండు చేతులతో డేగకాలు పట్టుకున్నాను. ఎందుకు పట్టుకున్నానో ఇప్పటికీ తెలీదు. పారిపోదామనుకుని అటువైపు తిరిగాననుకుంటా. డేగ పైకి లేచింది. నేనూ లేచాను.

చెట్టు పొడవు ఎగిరామో లేదో, నా నడుంకట్టుకి ఏదో తగులుకుని కిందికి లాగింది. దోటి! దాని రెండోకొస పట్టుకుని కెంపి వేలాడుతోంది.

"వదలకు!" అని అరిచింది. "పండు కొరికావో, చంపేస్తా!"

"ఊఁ!" అన్నాను.

శ్వేతాద్రి చిన్నదైపోయింది. ఎర్రటి తోట నేల మీద పరిచిన చీరకొంగంతయింది. దూదిపింజల్లాంటి మబ్బులు మొహానికి చల్లగా తగిలి విడిపోతున్నాయి. కింద నీలాల రాశుల్లాంటి కొండలు, వాటి మధ్య వెండితీగల్లా నదులు. ఎంతో అందంగా ఉండి ఉంటుంది. నేను కళ్ళు మూసుకునే ఉన్నాను, ఇదంతా తరవాత కెంపి చెప్పింది.

డేగ తల వంచి నాకేసి చూసింది. గొంతు ఒక్కసారిగా తేనెలా మారింది. "సమరకేసరీ! ఇంత ఎత్తున నన్ను పట్టుకుని వేలాడగలవాడు ముల్లోకాల్లో నువ్వు తప్ప లేడు. అటువంటి వీరుడి సింహనాదం వినాలని ఉంది. ఏదీ, ఒక్కసారి!"

నిజం చెప్పాలి. ఛాతీ పొంగింది. నాలిక కూడా కదిలింది.

"సింహనాదమా!" అంది కెంపి కింద నుంచి. "పొద్దున్న చెట్టుమీంచి పడ్డప్పుడు విన్నాం. మేకపిల్ల అరిచినట్టుంది."

పళ్ళు బిగించాను. డేగ కోపంతో కాలు విదిలించింది. నా నడుంకట్టు జారడం మొదలుపెట్టింది. ఉంగరాలలాగే దాన్నీ మార్చడం మరిచిపోయాను; పట్టుది కదా, ముడి నిలవదు. అది ఊడితే కెంపి పోతుంది, కెంపితో పాటు నా పంచె కూడా పోతుంది. రెండో సంగతి కూడా ఆలోచించినందుకు సిగ్గుపడుతున్నాను.

కెంపి దోటి మీద పాకి నా కాలు అందుకుంది. ఆ తరవాత నా మీద చెట్టెక్కినట్టు ఎక్కేసింది. ఒక కాలు భుజం మీద, రెండోది నెత్తి మీద. "కదలకు. చెట్టు కదుల్తుందా?" అంటూ కొడవలి తీసి డేగకాలి మీద ఒక్క వేటు వేసింది. కొండలు అదిరేలా అరిచి డేగ ఆ కాలు ఝాడించింది. నా వేళ్ళు జారిపోయాయి.

మేము పడ్డది ఒక చెరువులో. కెంపి ఈదుకుంటూ నన్ను జుట్టు పట్టి ఒడ్డుకి లాగింది. పైన ఆకాశంలో డేగ తెగిన కాలు వేలాడేసుకుని కొండ అవతలికి దిగిపోయింది. నోట్లోంచి పండు తీసి చూసుకున్నాను. నాలుగు పంటిగాట్లు పడ్డాయి కానీ తొక్క తెగలేదు.

"బతికాం!" అన్నాను.

కెంపి నా వెనక్కి చూస్తోంది.

ఒడ్డు పొడుగునా చెట్లున్నాయి. ఆకుల్లేవు, కాయల్లేవు. దగ్గరికి వెళ్ళాక తెలిసింది, అవి చెట్లు కావు. చేతులు అడ్డం పెట్టుకున్న మనిషి ఒకడు. కడవ ఎత్తుకున్న స్త్రీ. ఒకరి వేళ్ళొకరు పట్టుకున్న ముసలిజంట. అందరూ కట్టె. వందలమంది వరసలు తీర్చి నాటినట్టు నిలబడి ఉన్నారు. ఇది ధూమజటుడి తోట. మా అక్క ఇక్కడికి రావలసిన కొత్తమొక్క.

కెంపి ఒక బొమ్మ ముందు ఆగిపోయింది. వీపున తేనెబుట్ట, పొట్టిగడ్డం, ఎడమచెవి తమ్మె లేదు.

"మా నాన్న," అంది. "మూడేళ్ళ కిందట తేనెకని వెళ్ళాడు. లోయలో పడ్డాడని కర్మ కూడా చేసేశాం."

ఆ కట్టెమొహంలో కళ్ళు మాత్రం తడిగా ఉన్నాయి. చూస్తున్నాయి.

నన్నడగకుండానే నా చెయ్యి పండుతో పాటు ఆమెవైపు చాచుకుంది. వెంటనే అక్క గుర్తొచ్చి వెనక్కి వచ్చింది. మళ్ళీ చాచుకుంది. అన్నేళ్ళ యువరాజ శిక్షణలో అటువంటప్పుడు ఏం చెయ్యాలో ఒక్క గురువూ చెప్పలేదు. చెప్పిన రోజున నేను నిద్రపోయి ఉండవచ్చు.

"తీసుకో," అన్నాను.

కెంపి కళ్ళు తుడుచుకుంది. "దాచు. తోటంతా కాపుకొచ్చి ఉంటే ఒక్క పండు కోసుకుని ఇంటికి పోతామా? వీళ్ళందర్నీ తీసుకుపోవాలి."

"ఎలా?"

"నాకేం తెలుసు? యువరాజువి నువ్వు."

నేను ఏదో అనేలోగా చెట్లవరసల్లో పొగ కదిలింది. కుంటుకుంటూ వస్తున్న అడుగుల చప్పుడు. పరిగెత్తడానికి చోటు లేదు, వెనక చెరువు. కెంపి తన తండ్రి బొమ్మ వెనక్కి నక్కింది. నేను ఉన్నచోటనే ఒక కాలు ముందుకి వేసి, చెయ్యి చాచి, కొయ్యబారిపోయాను. ఒంటినిండా బురద ఉంది కాబట్టి రంగు కుదిరింది. పండు చాచిన చేతిలోనే ఉందని తరవాత చూసుకున్నాను. అప్పటికి అతను వచ్చేశాడు.

ధూమజటుడు తన మొక్కల్ని ఒక్కొక్కదాన్నీ నిమురుతూ, నెత్తురోడుతున్న కాలు ఈడుస్తూ నా ముందుకి వచ్చి ఆగాడు. తల ఒకవైపు వంచాడు. జడల్లోంచి పొగ నా మొహానికి కొట్టింది.

"ఆశ్చర్యం," అన్నాడు తనలో తను. "ఇన్నేళ్ళలో నా తోటలో కాయ కాసిన చెట్టు ఇదొక్కటే."

తన తోట మురిపెంలో నన్నూ, ఆ పండునీ పోల్చుకోలేక, కోద్దామని చెయ్యి చాచాడు. ఆ పొగకి నా ముక్కు చివర ఏదో సన్నగా పాకడం మొదలైంది. ఊపిరి బిగబట్టాను. కళ్ళనీళ్ళు తిరిగేలా బిగబట్టాను. అతని వేళ్ళు పండుని తాకాయి. కట్టెగా నిలబడడం కూడా చేతకానివాణ్ణి కనక, కొండలు మారుమోగేలా తుమ్మాను.